చిట్టెలుకల్లో నెగ్గిన సజీవ ఫ్లూ టీకాను ఫెర్రెట్లలో మళ్లీ పరీక్షించాలా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న మేరకు ముందు క్లుప్తంగా చెబుతాను. ముక్కు ద్వారా ఇచ్చే సజీవ ఫ్లూ టీకా కోసం మీ ప్రయోగశాల ఒక కొత్త మూల వైరస్‌ను (టీకా వైరస్‌లకు అంతర్గత జన్యువులను ఇచ్చే, బలహీనపరచిన వైరస్‌ను) తయారుచేసింది. వైరస్ తన జన్యువులను నకలు చేసుకోవడానికి వాడే పాలిమరేజ్ జన్యువుల్లో వేడి పెరిగితే వైరస్ ఎదుగుదలను ఆపేసే మార్పులు చేర్చి, వైరస్‌లపై శరీరపు తొలి రక్షణ అయిన ఇంటర్‌ఫెరాన్‌ను అణచే ఎన్ఎస్1 ప్రొటీన్‌ను కొంత కత్తిరించారు. ఆ టీకా వేసిన బాల్బ్-సి అనే ప్రయోగశాల జాతి చిట్టెలుకలన్నీ ప్రాణాంతక డోసు ఛాలెంజ్‌ను (టీకా తరువాత కావాలని వైరస్ సోకించి చూసే పరీక్షను) తట్టుకుని బతికాయి, వేయనివి చనిపోయాయి. ఇంత స్పష్టమైన ఫలితం చేతిలో ఉండగా ఖరీదైన ఫెర్రెట్ల (ముంగిసను పోలిన చిన్న జంతువుల) ప్రయోగం నిజంగా అవసరమా, అవసరమైతే అందులో ఏమేం కొలవాలి అని అడిగారు.

సూటిగా చెప్పాలంటే, అవసరమే. అయితే ఫెర్రెట్లలో చేసినంత మాత్రాన సరిపోదు. ఫ్లూ ఎన్నడూ సోకని ఫెర్రెట్లకు ఒకే రకం టీకా వైరస్‌ను పెద్ద డోసులో ఇచ్చి, అదే రకం వైరస్‌తో ఛాలెంజ్ చేస్తే దాదాపు ఏ సజీవ టీకా అయినా బాగానే కనిపిస్తుంది. మీ టీకా విఫలం కావడానికి అవకాశం ఉన్న పరీక్షను రూపొందించండి. తక్కువ డోసులో, ఇతర రకాలతో కలిపినప్పుడు, పాత ఇన్ఫెక్షన్ రోగనిరోధకత ఉన్న జంతువుల్లో అది నిలబడితే, అప్పుడు ఆ ఫలితాన్ని నమ్మవచ్చు. నేను పశువైద్యుడిగా వృత్తి మొదలుపెట్టి, శ్వాసకోశ వైరస్ టీకాల జంతు పరీక్షలను చాలా ఏళ్లుగా రూపొందిస్తున్నాను. కింది మాటలు ఆ పని నుండి వచ్చినవి.

సజీవ టీకాలో భద్రత, సమర్థత అనే రెండు గుణాలు ఒకదానికొకటి ఎదురు లాగుతాయి. వైరస్ ఊపిరితిత్తుల్లో పెరగకూడదు, కానీ ముక్కులో తగినంత పెరగాలి. ముక్కులో కూడా పెరగకపోతే అది ఎంత సురక్షితమైనా టీకాగా పనికిరాదు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో హునైన్ మాసబ్ 1960ల్లో సాధించింది ఈ సమతూకాన్నే. 1960లో యాన్ ఆర్బర్‌లో దొరికిన హెచ్2ఎన్2 వైరస్‌ను ఆయన కోడిపిల్ల మూత్రపిండ కణాల్లో క్రమంగా ఉష్ణోగ్రత తగ్గిస్తూ 25 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెరిగేలా అలవాటు చేశారు. ఆ వైరస్ చల్లని ముక్కులో పెరుగుతుంది, 39 డిగ్రీల దగ్గర దాదాపు ఆగిపోతుంది. పాలిమరేజ్ జన్యువులైన పీబీ1లో మూడు, పీబీ2లో ఒకటి, న్యూక్లియోప్రొటీన్ జన్యువైన ఎన్‌పీలో ఒకటి, మొత్తం అయిదు మార్పులు ఆ గుణానికి ప్రధాన కారణమని తరువాత తేలింది. దాని ఆరు అంతర్గత జన్యువులకు ఆ ఏడాది తిరుగుతున్న వైరస్ నుండి వైరస్ ఉపరితల ప్రొటీన్ల జన్యువులైన హెచ్ఏ, ఎన్ఏలను జోడిస్తే టీకా వైరస్ తయారవుతుంది. 2003లో అమెరికాలో అనుమతి పొందిన ఫ్లూమిస్ట్ ఈ విధంగా వచ్చినదే. రష్యాలో ఇలాగే చలికి అలవాటు చేసి తయారుచేసిన లెనిన్‌గ్రాడ్ మూల వైరస్ ఆధారంగా పుణేలోని సీరం ఇన్‌స్టిట్యూట్ 2010లో నాసోవాక్ టీకాను తెచ్చింది.

ఇప్పుడు మీ చిట్టెలుకల విషయానికి వద్దాం. మనుషుల్లో తిరిగే చాలా ఫ్లూ వైరస్‌లు చిట్టెలుకలను జబ్బు పడేయవు. అందుకే ప్రయోగశాలలు పీఆర్8 వంటి, చిట్టెలుకలకు బాగా అలవాటుపడిన పాత వైరస్‌లను వాడతాయి. పైగా బాల్బ్-సి, సి57బ్లాక్6 వంటి సాధారణ ప్రయోగశాల జాతుల్లో ఎంఎక్స్1 అనే ఫ్లూ నిరోధక జన్యువు పనిచేయదు. ఎన్ఎస్1 కత్తిరించిన వైరస్ బలహీనపడేదే శరీరంలోని ఇంటర్‌ఫెరాన్ వ్యవస్థ చేతిలో. ఆ వ్యవస్థలో ముఖ్యమైన ఆయుధం లేని జంతువులో దాన్ని పరీక్షిస్తే, మనిషిలో అది ఎంత పెరుగుతుందో అంచనా వేయడం కష్టం. చిట్టెలుకలో కాస్త పెరిగి మంచి రోగనిరోధకత ఇచ్చిన వైరస్, ఇంటర్‌ఫెరాన్ వ్యవస్థ పూర్తిగా ఉన్న జంతువులో అసలు పట్టు సాధించకపోవచ్చు. మీ వైరస్‌కు సంబంధించినంత వరకు నాకు అన్నిటికంటే పెద్ద సందేహం ఇదే.

ఉష్ణోగ్రత సంగతి కూడా ఉంది. జబ్బుపడిన చిట్టెలుకకు జ్వరం రాదు, ఒళ్లు చల్లబడుతుంది. వేడికి ఆగిపోయేలా తయారుచేసిన వైరస్‌ను చల్లబడే జంతువులో పరీక్షించినప్పుడు ఆ కట్టడి ఎంత పనిచేసిందో తెలియదు. ఫెర్రెట్ సాధారణ శరీర ఉష్ణోగ్రత మన కంటే ఎక్కువ, 38 నుండి 39 డిగ్రీల మధ్య ఉంటుంది, జబ్బు చేస్తే జ్వరం కూడా వస్తుంది. ఇది మరో వైపు పొరపాటుకు దారితీస్తుంది. ఫెర్రెట్ ఊపిరితిత్తుల్లో వైరస్ కనబడలేదంటే అందులో కొంత భాగం ఆ జంతువు వేడి వల్ల కావచ్చు. అందుకే ప్రయోగశాల కణాల్లో 33, 37, 39 డిగ్రీల దగ్గర వైరస్ ఎదుగుదల ఫలితాలను, జంతువుల ఫలితాలను పక్కపక్కన పెట్టి చదవాలి.

చిట్టెలుకలు పనికిరావని నేను అనడం లేదు. టీ కణాల (ఒక రకం రోగనిరోధక కణాల) స్పందనను వివరంగా చూడటానికి, జన్యువులు తొలగించిన జాతులతో రక్షణకు కారణం వెతకడానికి, డోసుల తొలి అంచనాకు వాటికి సాటి లేదు. ఒక చిన్న జాగ్రత్త మాత్రం తప్పనిసరి. మత్తు ఇచ్చిన చిట్టెలుక ముక్కులో 50 మైక్రోలీటర్లు వేస్తే చాలా భాగం ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది, మెలకువగా ఉన్నదానికి 10 మైక్రోలీటర్లు వేస్తే ఎక్కువగా ముక్కులోనే నిలుస్తుంది. మీరు ఏ పరిమాణంలో వేశారో రాయలేదు. 50 మైక్రోలీటర్లు అయితే మీరు ముక్కు టీకాను కాకుండా ఊపిరితిత్తుల టీకాను పరీక్షించినట్లే. ఫెర్రెట్లకూ ఇదే నియమం వర్తిస్తుంది, 0.2 మిల్లీలీటర్లకు, 1 మిల్లీలీటరుకు మధ్య తేడాతో వైరస్ చేరే చోటు మారిపోతుంది.

ఫెర్రెట్ ఎందుకు అంటే, మనిషి ఫ్లూ వైరస్‌ను మొదటిసారి వేరుచేసిందే దాని సాయంతో. 1933లో లండన్‌లోని మిల్ హిల్ ప్రయోగశాలలో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, ప్యాట్రిక్ లెయిడ్లా రోగుల గొంతు కడిగిన నీటిని ఫెర్రెట్లకు ఎక్కించి ఆ పని సాధించారు. దాని శ్వాసనాళంలో వైరస్ అతుక్కునే సియాలిక్ ఆమ్ల గ్రాహకాల అమరిక మనిషిని పోలి ఉంటుంది. వైరస్‌ను ముందుగా అలవాటు చేయనవసరం లేదు. జ్వరం, తుమ్ములు, ముక్కు కారడం, పక్క జంతువుకు అంటించడం అన్నీ కనిపిస్తాయి. ఫెర్రెట్ నుండి పరిశోధకుడికి ఫ్లూ సోకిన సంఘటనను 1936లోనే ప్రచురించారు. మనుషుల నుండి ఫెర్రెట్లకు కూడా అంతే సులభంగా సోకుతుంది. ప్రయోగానికి ముందు ప్రతి ఫెర్రెట్ సీరాన్ని (రక్తంలోని ద్రవ భాగాన్ని) అప్పటికి తిరుగుతున్న హెచ్1, హెచ్3, బి రకాలన్నిటికీ హెచ్ఐ పరీక్షతో (వైరస్ ఎర్ర రక్తకణాలను అతికించడాన్ని ఆపే యాంటీబాడీల కొలతతో), వీలైతే ఎన్‌పీకి యాంటీబాడీలను పట్టే ఎలీసా పరీక్షతో చూడాలి. జంతుశాలలోకి వచ్చేటప్పుడు శుభ్రంగా ఉన్న ఫెర్రెట్లు, జలుబుతో పనికి వచ్చిన సిబ్బంది వల్ల క్వారంటైన్‌లోనే యాంటీబాడీలు తెచ్చుకున్న సందర్భాన్ని నేను చూశాను. కాబట్టి సీరం పరీక్షను వచ్చిన రోజునే కాక, టీకా వేసే ముందు రోజు కూడా చేయాలి. ఫ్లూ కాలంలో మాస్కు లేకుండా ఎవరినీ ఆ గదిలోకి రానీయకూడదు.

ఇక అసలు విషయం. ఫెర్రెట్లలో నెగ్గినా టీకా మనుషుల్లో ఎందుకు తడబడుతుంది? 2009 హెచ్1ఎన్1 మహమ్మారి వైరస్ సీజనల్ టీకాలో చేరాక, అమెరికాలో ఫ్లూమిస్ట్‌లోని హెచ్1ఎన్1 భాగం 2013–14లో, మళ్లీ 2015–16లో పిల్లలను సరిగా కాపాడలేదు. 2016 జూన్‌లో అక్కడి టీకా సలహా కమిటీ ఆ టీకాను వాడవద్దని సూచించింది. 2018లో, హెచ్1ఎన్1 భాగాన్ని మార్చిన తరువాత, మళ్లీ ఆమోదించింది. అంతకు ముందు చేసే సాధారణ పరీక్షల్లో ఈ లోపం పట్టుబడలేదు.

2021లో ప్రచురితమైన ఫెర్రెట్ అధ్యయనం కారణాన్ని స్పష్టంగా చూపింది. 2015–16 టీకాలో ఉన్న బొలీవియా 2013 అనే హెచ్1ఎన్1 రకాన్ని ఒంటరిగా ఇచ్చినప్పుడు 1,000 ఫ్లోరసెంట్ ఫోకస్ యూనిట్ల (సజీవ వైరస్‌ను లెక్కించే కొలమానం) చిన్న డోసు కూడా ఫెర్రెట్లను కాపాడింది. అదే రకాన్ని మూడు లేదా నాలుగు రకాల మిశ్రమంలో ఇచ్చినప్పుడు 10 లక్షల యూనిట్లతో కూడా ఆ స్థాయి రక్షణ రాలేదు. తరువాత దాని స్థానంలోకి వచ్చిన స్లొవేనియా 2015 రకం ఒంటరిగానూ, మిశ్రమంలోనూ కాపాడింది. ఒకే నారుమడిలో బలమైన మొక్కల మధ్య పడిన బలహీనమైన మొలకలా, ముక్కులోని పరిమిత కణాల కోసం జరిగిన పోటీలో బొలీవియా రకం వెనుకబడిపోయింది. మనిషి ముక్కు నుండి తీసిన ఎపిథీలియల్ (పైపొర) కణాల్లోనూ అది సరిగా పెరగలేదు.

దీని నుండి మీ ప్రయోగానికి వచ్చే నియమాలు రెండు. మొదటిది, డోసుల మెట్లు వేయండి. ఫ్లూమిస్ట్‌లో ఒక్కో రకం దాదాపు 30 లక్షల నుండి 3 కోట్ల యూనిట్లు ఉంటుంది. అంత డోసును కిలో, కిలోన్నర బరువున్న ఫెర్రెట్‌కు ఇస్తే మంచి వైరస్‌కూ మందకొడి వైరస్‌కూ తేడా తెలియదు. వెయ్యి, పదివేలు, లక్ష యూనిట్ల దగ్గర ఎన్ని జంతువుల్లో టీకా వైరస్ ముక్కు కడిగిన నీటిలో కనబడింది, ఎన్ని సీరోకన్వర్ట్ అయ్యాయి (రక్తంలో కొత్తగా యాంటీబాడీలు తెచ్చుకున్నాయి) అని చూస్తే, సగం ఫెర్రెట్లలో టీకా పట్టే డోసు తెలుస్తుంది. నా దృష్టిలో మీరు కొలవగలిగిన వాటిలో అత్యంత విలువైన సంఖ్య ఇదే. రెండవది, తుది మిశ్రమంలోనే పరీక్షించండి. ఒంటరి రకంతో వచ్చిన ఫలితం ఆరంభం మాత్రమే. మీ మూల వైరస్‌తో హెచ్1, హెచ్3 అనే రెండు రకాలను తయారుచేసి, కలిపి ఇచ్చి, ఏ రకం ఎంత పెరిగిందో హెచ్ఏ జన్యువుకు ప్రత్యేకమైన పీసీఆర్‌తో విడివిడిగా లెక్కించాలి.

ఫెర్రెట్ల దాకా వెళ్లకముందే గాలి–ద్రవ సరిహద్దు పద్ధతిలో (అడుగున ద్రవం, పైన గాలి తగిలేలా) పెంచిన మనిషి ముక్కు కణాల్లో అన్ని రకాలనూ పోల్చండి. అక్కడే వెనుకబడిన వాటిని వదిలేస్తే ఖర్చుతో పాటు జంతువుల ప్రాణాలూ మిగులుతాయి. జంతువుల సంఖ్యను తగ్గించడమనే బాధ్యతను దరఖాస్తు పత్రంలో నింపే ఒక గడిగా చూడకుండా, ప్రయోగ క్రమాన్నే దాని ప్రకారం పేర్చాలని నేను గట్టిగా నమ్ముతాను.

పాత రోగనిరోధకత గురించి ఎవరూ తగినంతగా ఆలోచించరు. సజీవ టీకా చిన్న పిల్లల్లో పట్టినంత బాగా పెద్దల్లో పట్టకపోవడానికి ఒక కారణం, పెద్దల ముక్కులో పాత ఇన్ఫెక్షన్ల వల్ల వచ్చిన యాంటీబాడీలు, టీ కణాలు టీకా వైరస్‌ను పెరగకముందే తుడిచేయడం. పిల్లలు కూడా రెండు మూడేళ్లు వచ్చేసరికి ఒకసారైనా ఫ్లూ చూసి ఉండవచ్చు. అందుచేత కనీసం ఒక గుంపు ఫెర్రెట్లకు ముందుగా పాత హెచ్1 లేదా హెచ్3 వైరస్ సోకించి, రెండు మూడు నెలలు ఆగి, ఆపై టీకా వేయండి. అతిగా బలహీనపరచిన వైరస్ ఈ గుంపులో వెంటనే బయటపడుతుంది.

ఛాలెంజ్ ఎప్పుడు చేయాలన్నది మరో చిక్కు, ముఖ్యంగా ఎన్ఎస్1 కత్తిరించిన వైరస్‌ల విషయంలో. ఇవి ఇంటర్‌ఫెరాన్‌ను గట్టిగా లేపుతాయి. టీకా వేసిన కొద్ది రోజులకే ఛాలెంజ్ చేస్తే కనిపించే రక్షణ ఆ తాత్కాలిక స్పందనది కావచ్చు, టీకా జ్ఞాపకానిది కాకపోవచ్చు. నేను నాలుగు వారాలకు ముందు ఛాలెంజ్ చేయను. వనరులు ఉంటే మూడు నుండి ఆరు నెలల తరువాత మరో గుంపును కూడా ఛాలెంజ్ చేయమని సలహా ఇస్తాను. ఛాలెంజ్ రోజున టీకా వైరస్ పూర్తిగా తొలగిపోయిందని ముక్కు కడిగిన నీటితో నిర్ధారించాలి. హెచ్ఏ, ఎన్ఏ జన్యువులు టీకాలోనూ ఛాలెంజ్ వైరస్‌లోనూ ఒకటే కావచ్చు కాబట్టి, రెండింటినీ వేరుచేయడానికి అంతర్గత జన్యువులైన ఎం లేదా ఎన్ఎస్‌కు గురిపెట్టిన ప్రైమర్లు (పీసీఆర్‌లో జన్యువును గుర్తించే చిన్న ముక్కలు) వాడటం మంచిది.

ఏమేం కొలవాలి అన్నారు కదా. మరణాలను ప్రధాన కొలతగా పెట్టుకోకండి. ఫెర్రెట్లలో సీజనల్ ఫ్లూతో మరణాలు సాధారణంగా ఉండవు, చిట్టెలుకల్లో కూడా 20–25 శాతం బరువు తగ్గగానే ప్రయోగం ముగించాలి. ముక్కు కడిగిన నీటిలో వైరస్ ఎన్ని రోజులు, ఎంత మోతాదులో వచ్చిందో రోజువారీ లెక్క, మూడో లేదా నాలుగో రోజున నాసికా టర్బినేట్లలో (ముక్కు లోపలి ఎముక మడతల్లో), ఊపిరితిత్తుల ప్రతి తమ్మెలో టైటర్ (వైరస్ పరిమాణం), చర్మం కింద అమర్చిన చిప్‌తో నిరంతర ఉష్ణోగ్రత, ఊపిరితిత్తుల హిస్టోపాథాలజీ (సూక్ష్మదర్శినితో కణజాల పరీక్ష) చాలావరకు చెప్పేస్తాయి. హెచ్ఐ టైటర్ 1:40 (సీరాన్ని 40 రెట్లు పలచన చేసినా యాంటీబాడీ పనిచేయడం) అనే ప్రసిద్ధ ప్రమాణం చంపిన వైరస్ టీకాలకు సంబంధించింది. సజీవ టీకా అంతకంటే తక్కువ టైటర్‌తోనూ కాపాడగలదు, కాబట్టి ఆ సంఖ్య రాలేదని టీకాను తోసిపుచ్చకూడదు, వచ్చిందని సంబరపడకూడదు. ముక్కులోని ఐజీఏ యాంటీబాడీలు, ఊపిరితిత్తుల్లో నిలిచిపోయే టీ కణాలు చూడాలి. ఫెర్రెట్లకు సరిపడే రియేజెంట్లు తక్కువ కాబట్టి టీ కణాల పనిని చిట్టెలుకల్లో చేసి, మిగతాది ఫెర్రెట్లలో చేయడం సమంజసం. ఇక హెచ్ఐకి ముందు సీరాన్ని ఆర్‌డీఈ ఎంజైమ్‌తో శుద్ధి చేయడం మరువకూడదు, లేకపోతే సీరంలోని ఇతర పదార్థాలు లేని యాంటీబాడీని ఉన్నట్లు చూపిస్తాయి.

కంట్రోల్ గుంపుల గురించి మీ ప్రశ్నలో ఒక్క "టీకా వేయని" గుంపు తప్ప ఏమీ లేదు. అది చాలదు. గుడ్లలో పెంచిన టీకా అయితే, వైరస్ లేని గుడ్డు అల్లాంటాయిక్ ద్రవమే (గుడ్డులో టీకా వైరస్ పెరిగే ద్రవమే) ప్లాసిబోగా ఇవ్వాలి, ఎందుకంటే ఆ ద్రవం కూడా ముక్కులో కొంత స్పందనను లేపుతుంది. "మెరుగైన" టీకా అని చెప్పాలంటే పాత యాన్ ఆర్బర్ లేదా లెనిన్‌గ్రాడ్ మూల వైరస్‌తో తయారైన, అవే హెచ్ఏ, ఎన్ఏ ఉన్న టీకాను పక్కన పెట్టి పోల్చాలి. బలహీనపరచని అసలు వైరస్ ఇచ్చిన గుంపు లేకపోతే మీ వైరస్ ఎంత బలహీనపడిందో చెప్పే కొలబద్దే ఉండదు. జంతువులను గుంపులుగా విడదీయడం యాదృచ్ఛికంగా జరగాలి, టైటర్లు చూసేవారికి, స్లైడ్లు చదివేవారికి ఏ గుంపు ఏదో తెలియకూడదు.

జన్యు స్థిరత్వాన్ని చివరికి వాయిదా వేసే అలవాటు చాలా చోట్ల ఉంది. నా సలహా దీనికి విరుద్ధం. టీకా వైరస్‌ను ఒక జంతువు ముక్కు నుండి తీసి మరో జంతువుకు ఎక్కిస్తూ వరుసగా కొన్ని పాసేజ్‌లు చేసి, ప్రతి దశలో పూర్తి జన్యుక్రమం చదవండి. పశువుల సజీవ టీకాలకు, పశు ఔషధాల అంతర్జాతీయ వేదిక వీఐసీహెచ్ ఇచ్చిన జీఎల్41 మార్గదర్శకం ఇదే అడుగుతుంది. మనుషుల టీకాకు అది వర్తించకపోయినా ఆ తర్కం సరైనదే. టీకా వేసిన ఫెర్రెట్ పక్కన వేయని ఫెర్రెట్‌ను ఉంచి, అంటుకుంటుందో లేదో కూడా చూడాలి.

అంతర్గత జన్యువుల కలబోత గురించి పందుల టీకా అనుభవం తప్పక తెలుసుకోవలసింది. ఎన్ఎస్1 కత్తిరించిన సజీవ టీకా ఒకటి 2017లో అమెరికాలో పందులకు అనుమతి పొందింది. ఆ తరువాత అక్కడి పందుల్లో, టీకా జన్యువులూ క్షేత్రంలో తిరిగే వైరస్ జన్యువులూ కలిసిన కొత్త వైరస్‌లు కనబడ్డాయి. మనిషి టీకాకు పరిస్థితి భిన్నమే. అయినా మీ బలహీనత మొత్తం ఎన్ఎస్ జన్యువు ఒక్కదాని మీదే ఆధారపడితే, కలబోతలో ఆ ఒక్కటి పోతే మిగిలినది బలమైన వైరసే. మీరు పాలిమరేజ్‌లోనూ మార్పులు చేర్చడం ఈ కారణంగా మంచి నిర్ణయం. రెండింటిలో ఏది లేకపోయినా వైరస్ ఇంకా బలహీనంగానే ఉంటుందని విడివిడిగా చూపించగలిగితే మీ దరఖాస్తు బలపడుతుంది.

ముక్కు దారి టీకా అన్నప్పుడు ఘ్రాణ కందాన్ని (వాసనను గ్రహించే మెదడు ముందు భాగాన్ని), మిగతా మెదడును తప్పక తీసి వైరస్ కోసం పరీక్షించండి. స్విట్జర్లాండ్‌లో 2000–01 సీజన్‌లో వాడిన ఒక ముక్కు టీకా ముఖ పక్షవాతానికి దారితీసి మార్కెట్ నుండి తొలగింది. అది సజీవ టీకా కాదు, అందులోని బాక్టీరియా టాక్సిన్ ఆధారిత అడ్జువెంట్ (టీకా స్పందనను పెంచే పదార్థం) పైనే ప్రధానంగా అనుమానం. అయినా ముక్కు నుండి నరాలకు దారి దగ్గరే కాబట్టి నియంత్రణ సంస్థలు ఈ ప్రశ్న అడుగుతాయి.

మన దేశంలో అయితే సంస్థ బయోసేఫ్టీ కమిటీ, జంతు నైతిక కమిటీ, జన్యు మార్పులు చేసిన వైరస్ కాబట్టి ఆర్‌సీజీఎం (జన్యు మార్పుల సమీక్షా కమిటీ), మనుషుల దశకు వెళ్లేటప్పుడు సీడీఎస్‌సీఓ (కేంద్ర ఔషధ నియంత్రణ సంస్థ) అనుమతులు కావాలి. ఇవన్నీ సమాంతరంగా నడవకపోవచ్చని గుర్తుంచుకుని కాలపట్టిక వేసుకోండి. ఫెర్రెట్లు ఇక్కడ సులభంగా దొరకవు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలోని ఐసీఎంఆర్ జాతీయ జంతు వనరుల కేంద్రం వంటి చోట్ల ఏ సదుపాయాలు ఉన్నాయో ముందుగా విచారించండి. అది కుదరక విదేశీ ప్రయోగశాలకు పంపితే, సీరం నమూనాల ఎగుమతి, దిగుమతి అనుమతులకు పట్టే సమయాన్ని కూడా కలపండి. చిట్టెలుకకూ ఫెర్రెట్‌కూ మధ్యలో కాటన్ ర్యాట్ (ఒక రకం ఎలుక) ఒక మంచి మెట్టు. మనిషి ఫ్లూ వైరస్‌లు దానిలో అలవాటు చేయకుండానే పెరుగుతాయి. కానీ అది ఫెర్రెట్‌కు పూర్తి ప్రత్యామ్నాయం కాదు.

మీరు తిరిగి రాసేటప్పుడు మూడు వివరాలు చెప్పండి. ఎన్ఎస్1లో ఎన్ని అమైనో ఆమ్లాలు మిగిలాయి, చిట్టెలుకలకు ఎన్ని మైక్రోలీటర్లు వేశారు, ఛాలెంజ్ టీకా వేసిన ఎన్నో రోజున జరిగింది. ఇవి తెలిస్తే ఫెర్రెట్ గుంపుల సంఖ్య, డోసుల మెట్లు ఎలా ఉండాలో మరింత కచ్చితంగా సూచించగలను.